బాపు టిక్కుల పరీక్ష

మా బాపుకు ఇంగ్లీష్ రాదని ఎవరన్న అంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతది. మనిషి పోయి ఇన్నేండ్లాయె, ఇంకెవరంటరమ్మా అని మీరు అడగొచ్చు. అంటరు. పెండ్లిళ్లల్ల, దినాలల్ల కూసుంటరు చూడు గా చుట్టాలు, "దుర్గయ్య మంచోడే గాని, పాపం అటెండర్‌గనే రిటైరయిండు, ఇంగ్లీష్ కాడ తప్పిండు" అని నిట్టూరుస్తరు. నేను గాడుంటే ఊకుంటనా! తినేది ఆపి లేస్తా. ప్రతిసారి లొల్లి పెట్టుకునుడు నా వల్ల అయితలేదు గనుక, గా సంగతేందో మొదటికెళ్లి చెప్పేస్తా, వినున్రి.

మాది యాకుత్‌పురా, స్టేషన్ వెనక గల్లీ. ఒక్కటే అర్ర, ముందట జానెడు వాకిలి, గా వాకిట్లనే వంట. బాపు నాంపల్లి దిక్కు ఒక సర్కారు దఫ్తర్ల అటెండర్. నేను చెప్పే సంగతి నాటికి గా నౌకరీల ఇరవైనాలుగేండ్లు అయినయి. ఇరవైనాలుగేండ్లు ఈ బల్ల మీది ఫైలు గా బల్ల మీద పెట్టిండు. గంట కొడితే ఉరికిండు. ఎంత చిన్న క్లర్కయినా ఫైలు కింద సంతకమని రెండక్షరాలు గీకి పంపుతడు గద, గది చూస్తే బాపుకు మస్తు ఆశయితుండె. "ఒక్కటంటే ఒక్క ఫైలు, బిడ్డా. దాని కింద నా దస్తఖత్ ఉండాలె. గంతే, ఇంకేం వద్దు" అంటుండె. మా అమ్మ చంద్రమ్మ నవ్వేది. "ఏందయ్యా, మందికి బంగ్లాలు గావాలె, నీకు గీతలు గావాలెనా" అనేది. బాపు గూడ నవ్వేటోడు గాని, గా ఆశ మాత్రం పోలే.

గల్లీల మాత్రం మా బాపు అటెండర్ కాదు, మున్షీ సాబ్. ఆయన చదువుకున్నది నిజాం జమానల, బడంత ఉర్దూలనే. మిడిల్ పాసైండు. రాత ఎట్లుండెనంటే, చదువురానోళ్లు గూడ కాయితం పట్టుకొని చూసుకుంట నిలబడుతుండిరి. మా ఇంటెనక హాజిరా బీ అని ఉంటుండె, ఆమె మొగడు దుబాయిల మేస్త్రీ. నెలకు రెండుసార్లు వచ్చి గడపల కూసొని, "దుర్గయ్య భాయ్, జర ఖత్ లిఖ్ దేవ్ నా" అనేది, మొగనికి ఉత్తరం రాసియ్యమని. బాపు రాసి చదివి వినిపిస్తుంటే కొంగుతోటి కండ్లు ఒత్తుకునేది. గసుంటి మనిషి దఫ్తర్ల చాయ్ గ్లాసులు కడిగేటోడు. ఎందుకంటే జమాన మారింది, కాయితాల మీదికెళ్లి ఉర్దూ పోయింది, ఇంగ్లీష్ వచ్చి కూసుంది. నిన్నటిదాక చదువుకున్నోడు ఇయ్యాల చదువురానోళ్లల్ల కలిసిపోయిండు. నాకైతే ఉర్దూ రాత ఒక్క ముక్క రాదు, నేను తెలుగు మీడియం.

డెబ్బైతొమ్మిదిల అయింది గీ కథ. నేనప్పుడు ఇంటర్ మొదటి ఏడు. ఒకనాడు బాపు సైకిల్ గోడకు ఆనిచ్చుడు గూడ మరిచి లోపటికి వచ్చిండు, సైకిల్ దబ్బున కిందపడ్డది. "కళా! కళా! రాసేది లేదంట బిడ్డా! టిక్కు పెట్టుడేనంట!" అన్నడు. సంగతేందంటే, మిడిల్ పాసైన అటెండర్లకు రెండేండ్లకోసారి పరీక్ష పెట్టి క్లర్కులను చేస్తరు. అంతకుముందు ఇంగ్లీష్ల ఉత్తరం రాయమనేటోళ్లు, బాపు దాని జోలికే పోలే. ఈసారి కొత్త తీరు. ఒక కథనో ముచ్చటనో ఇస్తరు, చదువాలె. దాని మీద ప్రశ్నలుంటయి. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు వాళ్లే ఇస్తరు, అండ్ల సరైనదానికి టిక్కు పెట్టాలె. నలభై ప్రశ్నలు, ఇరవై వస్తే పాసు.

"ఇంకో కిరికిరి ఉన్నది" అన్నడు బాపు, జర నిమ్మళంగ. "నలభైఐదు దాటినోళ్లను రానియ్యరు. నాకు ఇంక ఏడు నెలలే ఉన్నది. గీసారి తప్పితే ఇగ లేదు."

పుస్తకం ఎట్ల మరి? బాపు సెక్షన్ల సూపర్నెంటు గోపాలకృష్ణమూర్తి సార్ అని గుడివాడ దిక్కాయన. మంచి మనిషి, బాపును "ఏమోయ్" అని ఎన్నడు పిలువలే, "దుర్గయ్యా" అనేటోడు. ఆయన బిడ్డ కమలకుమారి బ్యాంకు పరీక్షకు చదువుతుండె. ఆమె కాడ గిసుంటి ప్రశ్నల పుస్తకం ఉన్నది. సార్ అడిగి తెచ్చి ఇచ్చిండు గాని, ఒక షరతు పెట్టిండు. "అమ్మాయి మళ్లీ రాసుకోవాలి దుర్గయ్యా, లోపల ఒక్క పెన్సిల్ గీత కూడా పడకూడదు సుమా" అన్నడంట. బాపు గా పుస్తకాన్ని రుమాలుల చుట్టి, అంగీ లోపట పెట్టుకొని తెచ్చిండు. నేను ముట్టబోతే "చేతులు కడుక్కో పో" అన్నడు.

ఇంట్ల చదువుదామంటే అమ్మ వంట, పక్కింటోళ్ల రేడియో, నల్లా కాడ లొల్లి. గందుకని బాపు దఫ్తర్‌కెళ్లి రాంగనే ఇద్దరం యాకుత్‌పురా స్టేషన్‌కు పోతుంటిమి. ప్లాట్‌ఫారం చివరల ఒక రాయి బెంచి ఉండె. పాలమూరు ప్యాసింజర్ వచ్చిపోయినంక ఎవరు ఉండకపోతుండిరి. మసక పడేదాక గాడనే మా బడి. నేను ఒకసారి గట్టిగ చదివేది. బాపు వేలు పెట్టుకుంట మూడుసార్లు మెల్లగ చదివేటోడు, తెల్వని మాట అడిగేటోడు. నాకు గూడ తెల్వకపోతే తెల్లారి కాలేజీల అడిగి చెప్పేది. నాకు మాత్రం ఎంతొచ్చు ఇంగ్లీష్! బాపు ముందల మాత్రం పెద్ద మేడమ్ లెక్క ఫోజు కొట్టేది.

మొదట్ల ఆయన పెట్టిన గోస అంతింత కాదు. ఒక పాఠంల ఒక రైతు గుర్రాన్ని సంతల అమ్మిండు, మూడు మైళ్లు నడిచి పోయి మల్ల ఎనుకకు వచ్చిండు. ఎందుకొచ్చిండు? టోపీ మరిచిపోయి వచ్చిండని పాఠంల సాఫ్‌గ రాసి ఉన్నది. బాపు గది చెప్పడే! గుర్రాన్ని చూడనీకి వచ్చిండు అని ఉన్నది చూడు, గదే పట్టుకున్నడు.

"టోపీ కోసం మూడు మైళ్లు ఎవడన్న నడుస్తడా? టోపీ బహానా బిడ్డా, ఉత్త సాకు. సాదుకున్న గుర్రం. పానం కొట్టుకొని వచ్చిండు."

"అయ్యో బాపూ! నీ మనసుల ఉన్నది గాదు, కాయితం మీద ఉన్నది చెప్పాలె."

"గీ ఇంగ్లీషోళ్లు మనసుల మాట కాయితం మీద పెట్టరా?"

"పెట్టరు! టోపీ అంటే టోపీ!" అని నేను బెంచి మీద గుద్దిన. బాపు చెవులు పట్టుకున్నడు. నాకు నవ్వాగలే.

గట్లనే ఇంకో పాఠంల సముద్రం నడుమ ఓడల కోసం లాంతరు పెట్టుకొని ఒక్కడే ఉండేటోని సంగతి వచ్చింది. "ఆయన పెండ్లాం పిల్లలు ఏమైరు?" అని బాపు పావుగంట ఫికర్ చేసిండు. గాని ఒక్కటి చెప్పాలె, మెల్లమెల్లగ దారికొచ్చిండు. మూడో నెల వచ్చేసరికి ఎనిమిదిల ఆరు, ఎనిమిదిల ఏడు చెప్పుతుండె. ఒక్కోసారి నేను తప్పు చెప్పితే, "మల్లొకసారి చూడు బిడ్డా" అనేటోడు. చూస్తే ఆయన చెప్పిందే కరెక్టుండేది.

జవాబు మాత్రం ఇంగ్లీష్ల చెప్పకపోతుండె. నోరు తిరగకపోతే ఎవరన్న నవ్వుతరని సిగ్గు. కండ్లు మూసుకొని "మూడోది" అనేటోడు, "మొదటిది" అనేటోడు. నేను ఎనుక పేజీల చూసి "రైట్" అనేది. ఒకనాడు బాపే అడిగిండు, "బిడ్డా, నీ నోటుబుక్కుల కాయితం చింపి గీతలు కొట్టి, దాని మీద టిక్కులు పెట్టుకుంట పోదామా?" అని. నేనేమన్న? "ఎందుకు బాపూ, కాయితం దండుగ. నోటితోటి చెప్తే నాకు సమజైతలేదా?" అన్న. ఇగ మల్ల అడగలే. గా మాట నా నోట్లకెళ్లి ఎందుకొచ్చిందో, నాకు ఇయ్యాల్టికి సమజ్ గాదు.

పరీక్ష ఒక ఐతారం నాడు అయింది. బాపు ఇస్త్రీ అంగీ ఏసుకొని పోయిండు. రాంగ రాంగ దబీర్‌పురాల రైలు దిగి పావు కిలో జిలేబి తెచ్చిండు. వాకిట్ల పీట మీద కూసొని, పరీక్షల వచ్చిన కథలన్ని మాకు చెప్పిండు. ఒక ఊర్ల గడియారాలు బాగు చేసే ముసలాయన ఉంటడంట, కండ్లు కనపడకపోయినా చెవితోటి విని బాగు చేస్తడంట. మొత్తం చెప్పిండు, పేర్లతోటి సహా. అమ్మ చపాతీ కర్ర పట్టుకొని నిలబడి విన్నది. "గదంత ఇంగ్లీష్ల ఉండెనా? నీకు సమజయిందా?" అన్నది. బాపు మీసం మీద చెయ్యి పెట్టి, "మరేమనుకున్నవే" అన్నడు. ఏమేం ప్రశ్నలొచ్చినయి, ఏ జవాబు పెట్టినవని నేను అడిగిన, ఆయనకు యాదికున్నంత మట్టుకు చెప్పిండు. ఆయన చెప్పిన కథతోటి చూస్తే ఒక్కటి తప్పు లేదు.

ఫలితం వచ్చెతందుకు రెండు నెలలు పట్టింది. గా రెండు నెలలు మా ఇంట్ల పండుగ లెక్క ఉండె. బాపు పొద్దుగాల పేపరు అంచుల మీద ఇంగ్లీష్ల దస్తఖత్ నేర్చుకునేటోడు. ముందుగాల కోడి గీకినట్టు వచ్చింది, తర్వాత తర్వాత గుండ్రంగ వచ్చింది. కూరగాయలు కట్టుకొచ్చిన కాయితం మీద గూడ దస్తఖతే.

ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు వచ్చిండు. సైకిల్ మెల్లగ గోడకు ఆనిచ్చిండు. "మూడు" అన్నడు.

అమ్మ చేతుల గిన్నె కింద పెట్టి, "మూడో నంబరా?" అని మురిసిపోయింది.

"మార్కులు. నలభైకి మూడు."

కాళ్లు కడుక్కొని గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. తెల్లారి లేచి నాతోటి, "నాకు ఏదో సమజయినట్టే అనిపించింది గాని బిడ్డా, ఏం సమజ్ గాలే. ఉత్తగ నిన్ను గోస పెట్టిన" అన్నడు. కొట్లాడాలనిపించింది, ఎవరితోటి కొట్లాడాలె?

పుస్తకం వాపస్ ఇయ్యాలె గద, బాపు తను పోనన్నడు. నేనే మలక్‌పేటకు, గోపాలకృష్ణమూర్తి సార్ ఇంటికి పోయిన. సార్ కుర్చీ చూపిచ్చి "కూర్చోమ్మా" అన్నడు. జరసేపు పుస్తకం అటు ఇటు తిప్పిండు. చెప్పాల్నా వద్దా అన్నట్టుండె ఆయన మొకం.

"మీ నాన్నకి మూడు మార్కులంటే నాకు నమ్మకం కలగలేదమ్మా" అన్నడు. "కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా పదో పన్నెండో వస్తాయి. మూడంటే మరీ చిత్రంగా ఉంది. అందుకని ఆయన కాగితం తీయించి చూశాను. జవాబుల కాగితం మా ఆఫీసులోనే సైక్లోస్టయిల్ చేయించారు. పైన ప్రశ్న నంబరు, కింద వరసగా నాలుగు ఖాళీ గడులు. గడుల మీద ఒకటి, రెండు అని వేయలేదు. మొదటిది జవాబైతే మొదటి గడిలో టిక్కు పెట్టాలి. మొదటిది జవాబైన చోట మీ నాన్న నాలుగో గడిలో పెట్టాడు. రెండోది జవాబైన చోట మూడో గడిలో. అన్నీ అంతే."

నాకు మొదట్ల ఎక్కలే. సార్ తన ముందలున్న కాయితం మీద నాలుగు గడులు గీసి, కుడి చివరిదాని మీద వేలు పెట్టిండు. "ఉర్దూ చదువుకున్నవాళ్లకి మొదలు ఇక్కడుంటుందమ్మా. ఇంగ్లీషు మాటలు ఎడమ నుంచే చదివాడు, కానీ ఖాళీ గడుల్లో ఏ భాషా లేదు కదా. చెయ్యి అలవాటైన వైపుకి పోయింది. ఇటునుంచి లెక్కపెట్టి చూశాను. ముప్పైనాలుగు."

"నలభైకి?"

"నలభైకి. పాసైనవాళ్లలో మొదటివాడికి ముప్పైఒకటి."

నేను లేచి నిలబడ్డ. "మరి చెప్పున్రి సార్ పెద్ద సార్లకు! నంబర్లు ఎయ్యంది వాళ్లు గద! మా బాపు తప్పేంది?" అని మొత్తుకున్న. ఎవరింట్ల ఉన్ననో గూడ మరిచిన. సార్ కోపానికి రాలే. తను చెప్పి చూసిండంట, లిస్టు అయిపోయింది, గడి అంటే గడే అన్నరంట. మల్ల పరీక్ష రెండేండ్లకు, అప్పటికి బాపుకు వయసు దాటుతది. "దుర్గయ్యకి చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా" అన్నడు సార్, తల ఒంచుకొని.

నాకు మాత్రం వస్తదా? వారం దినాలు కడుపులనే దాచుకున్న. చెప్తే, చేతుల దాక వచ్చింది జారిపోయెనని కుమిలిపోతడు. చెప్పకపోతే, తన దిమాగ్ల ఏం లేదని కుమిలిపోతుండు. ఇంతల హాజిరా బీ వచ్చి ఖత్ రాసియ్యమన్నది. బాపు తల ఎత్తకుంట, "అబ్ మేరేకు నై ఆతా అమ్మా, కిసీ ఔర్ సే లిఖాలేవ్" అన్నడు. ఇంక నాకు రాదు, వేరేటోళ్లతోటి రాయించుకో అని. ఆమె కొంగు సర్దుకొని పోయింది. ఉర్దూ గూడ రాదంటడా మా బాపు! గప్పుడు తట్టుకోలేకపోయిన.

తెల్లారి పొద్దుగాల అమ్మ వాకిలూడ్చినంక, నేను సుద్దముక్క తీసుకొని బండ మీద వరసగ నాలుగు డబ్బాలు గీసిన. బాపు పండ్లపుల్ల నోట్లె పెట్టుకొని కూసున్నడు. సుద్దముక్క ఆయన చేతికిచ్చి, "బాపూ, మొదటిదాంట్ల టిక్కు పెట్టు" అన్న.

"ఏందే పొద్దుగాలనే" అనుకుంట ఒంగిండు. చెయ్యి సీదా కుడి చివరకు పోయింది. టిక్కు పెట్టి, నా మొకం దిక్కు చూసిండు. నేను ఏడుస్తున్న. మల్ల డబ్బాల దిక్కు చూసిండు. సుద్దముక్కను గాలిల పట్టుకొని, ఎడమ చివరిదాంక మెల్లగ తీసుకుపోయి ఆపిండు. ఎవరు చెప్పకుంటనే ఆయనకు సమజయింది.

నేను కాళ్లు పట్టుకొని, "నువ్వు కాయితం మీద పెడుదామంటివి బాపూ, నేనే వద్దంటిని" అన్న. గది ఆయనకు ఇనపడ్డదో లేదో.

"గట్ల చూస్తే ఎన్ని?" అన్నడు.

"ముప్పైనాలుగు."

"నలభైకా?"

"నలభైకే బాపూ. నువ్వే అందరికంటె ఎక్కువ."

బాపు మొకంల ఏదో కదిలింది. ఏడుస్తడనుకున్న. ఏడువలే. "అయితే గడియారాల ముసలాయన సంగతి నాకు నిజంగనే సమజయింది" అన్నడు. తర్వాత, "ఎక్కడన్న రాసిపెట్టిన్రా గా ముప్పైనాలుగు?" అని అడిగిండు.

"లేదు బాపూ."

"పోనీ తీ. మీ అమ్మకన్న చెప్పు పో."

లోపటికి పోయి చెప్పిన. అమ్మ బయటికొచ్చి, ఆయన పక్కన కూసున్నది. సుద్ద అంటిన ఆయన చెయ్యిని తీసుకొని తన కొంగుతోటి తుడిచింది.

బాపు అటెండర్‌గనే రిటైరయిండు. ఇంకో పదేండ్లు బతికిండు. ఉండి ఉండి, నేను కూరగాయలు తరుగుతున్నప్పుడో, పిల్లలకు అన్నం పెడుతున్నప్పుడో, ఉత్తపుణ్యానికి అడిగేటోడు. "ఎన్నే కళా?" అని. ఏందని నేను అడగకపోతుంటి. "ముప్పైనాలుగు బాపూ" అంటుంటి. "నలభైకా?" "నలభైకి." గంతే, మల్ల పేపరు చదువుకునేటోడు. దవాఖానల ఆఖరి వారం గూడ ఒకసారి అడిగిండు, నేను చెవి కాడికి ఒంగి చెప్పిన. ఇప్పుడు పొద్దంత ఇంట్ల ఒక్కదాన్నే ఉంటా. ఏదో పని చేసుకుంట చేసుకుంట చెయ్యి ఆపి చూస్తా. అడిగేటోడు లేడు.